గోధుమ పూత జన్యు పరీక్ష: రిపోర్టు తప్పు కాదు, సగమే

గోధుమ ఆకు ముక్కలు ఎండబెట్టి పంపితే పగటి నిడివికి స్పందించే జన్యువు ఏ రూపంలో ఉందో చూసి చెప్పే సర్వీసు ఇది. నేను రెండు రకాలు పంపాను. రిపోర్టు చెప్పిన రోజుకే వచ్చింది, ఫోన్ చేస్తే ఓపిగ్గా మాట్లాడారు. అక్కడిదాకా వంక పెట్టడానికి ఏమీ లేదు.

రిపోర్టులో రెండింటికీ "పీపీడీ-డీ1బి, సెన్సిటివ్" అని ఉంది. (పీపీడీ-డీ1 అంటే ఆ జన్యువే. చివరి బి అంటే రెండో ర్యాంకు అనుకునేరు. గోధుమలో ఎ అంటే పగటి నిడివిని పట్టించుకోని రూపం, బి అంటే పట్టించుకునేది. ఈ ఒక్క లైను వాళ్లే రాసి ఉండాల్సింది.) సరే, రెండూ పగలు పెరిగితే గానీ తొందరగా పూతకు రావనుకుని టైమర్ పెట్టి పది గంటల వెలుతురులో పెంచాను. ఒకటి పిలకలు వేసుకుంటూ పచ్చగా కూర్చుంది, రెండోది దానికంటే చాలా ముందే వెన్ను తీసేసింది! శాంపిళ్లు తారుమారయ్యాయేమోనని టెన్షన్ పడి మళ్లీ పంపించాను, మళ్లీ అదే జవాబు. రెండూ చలి అక్కర్లేని రకాలే కాబట్టి నెపం చలి అవసరాన్ని నడిపే వీఆర్‌ఎన్1 జన్యువు మీదకు నెట్టడానికీ లేదు.

అసలు సంగతేంటంటే వాళ్లు చూసేది ఒకే ఒక్క చోటు. రొట్టె గోధుమలో ఎ, బి, డి అని మూడు జన్యు సముదాయాలు (ఈ ఎ, బి వేరు, పైన చెప్పిన రూపాల ఎ, బి వేరు) కలిసి ఉంటాయి కదా, పీపీడీ1 కూడా 2ఎ, 2బి, 2డి క్రోమోజోములు మూడింటి మీదా ఉంటుంది. 2డి మీది జన్యువుకు (రిపోర్టులోని డీ1 ఇదే) ముందుండే స్విచ్ లాంటి భాగంలో 2,089 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోతే, పగటిపూట పనిచేయాల్సిన ఆ జన్యువు రాత్రి కూడా మేలుకునే ఉండి, పగళ్లు పొట్టిగా ఉన్నా సరే ఎఫ్‌టీ1 అనే పూత సంకేతాన్ని లేపేస్తుంది. డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసి చూసే పీసీఆర్‌ పరీక్షలో ఆ కోత ఇట్టే కనిపిస్తుంది, అందుకే పరీక్ష దానికే పెట్టారు. 2బి మీద మాత్రం కోత కాదు, చాలాసార్లు అదే జన్యువు రెండు, మూడు, నాలుగు కాపీలుగా పెరిగి అదే పని చేస్తుంది. కోతను వెతికే పరీక్షకు కాపీల లెక్క ఎలా దొరుకుతుంది? అడిగితే "అది మా దగ్గర లేదు, బయట చేయించుకోండి" అన్నారు. చేయించాను, ముందు పూసిన దానిలో మూడు కాపీలున్నాయి.

డీ1 కోత ఒక్కటే కావాలనుకుంటే, అంటే ఇటలీలో కొత్త గోధుమ రకాలు తయారుచేసిన స్ట్రాంపెల్లి జపాన్ రకం అకకోముగి నుంచి తన గోధుమల్లోకి దించిన ఆ కోత మీ సంకరాల్లోకి వచ్చిందా లేదా చూసుకోవాలంటే, కళ్లు మూసుకుని పంపండి. పూత ఎప్పుడొస్తుందో తేల్చుకోవడానికి మాత్రం ఇదొక్కటే నమ్ముకోవద్దు, తక్కువ వెలుతురులో నాలుగు మొక్కలు పెంచి చూసుకోండి.

5కి 3 ఇస్తున్నాను. "సెన్సిటివ్" అన్న తీర్పు తీసేసి "డీ1లో కోత లేదు" అని రాసిన రోజున ఇంకొకటి కలుపుతాను.