వాయిదా మరమ్మతుల రిజిస్టరు, ఇనాప్ లేబుళ్లు: కడప ప్రెస్సు పనితనంపై ఒక సమీక్ష

కడప ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో మా శిక్షణ విమానాల నిర్వహణ విభాగానికి రెండు పనులు చేయించాము. ఒకటి, వాయిదా వేసిన మరమ్మతులను నమోదు చేసే రిజిస్టరు. రెండవది, పనిచేయని పరికరం మీద అతికించే ‘ఇనాప్’ లేబుళ్లు. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు వేసే చోట విమానాల కాగితాలేమిటని మావాళ్లలో కొందరు పెదవి విరిచారు. రిజిస్టరు చేతికి వచ్చాక ఆ మాట మళ్లీ వినిపించలేదు. లేబుళ్ల మీద మాత్రం ఫిర్యాదు ఉంది.

విమానంలో ఒక పరికరం చెడినంత మాత్రాన విమానాన్ని నిలిపివేయాలని లేదు. ఏది పనిచేయకపోయినా, ఏ షరతులతో, ఎన్ని రోజులు ఎగరవచ్చో మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్టు, అంటే ఎం.ఇ.ఎల్., చెబుతుంది. ఆ విమాన రకానికి ఉన్న మాస్టర్ జాబితాను ఆధారం చేసుకొని ఆపరేటరు, అంటే విమానాలు నడిపే సంస్థ, తన జాబితాను రాసుకొని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఏ. ఆమోదం పొందుతుంది. అది మాస్టర్ కంటే కఠినంగా ఉండవచ్చు గాని సడలింపుగా ఉండకూడదు. మరమ్మతు గడువు ‘బి’ తరగతికి 3 రోజులు, ‘సి’కి 10, ‘డి’కి 120, ‘ఎ’ తరగతికి ఎంతన్నది ఆ అంశం పక్కనే రాసి ఉంటుంది. లోపాన్ని నమోదు చేసిన రోజు ఈ లెక్కలోకి రాదు.

బజారులో దొరికే రిజిస్టర్లలో ‘తేదీ’ అని ఒకే గడి ఉంటుంది, మాకు అక్కడే చిక్కు వచ్చేది. ఎండాకాలంలో కడపలో శిక్షణ తెల్లవారుజామునే మొదలవుతుంది. 12వ తేదీ ఉదయం 5 గంటలకు విమానాన్ని తనిఖీ చేస్తున్నప్పుడు ల్యాండింగ్ లైటు వెలగలేదనుకుందాము. మా లాగ్‌బుక్కు నడిచేది యూటీసీలో, అంటే మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో. దాని ప్రకారం అప్పటికి ఇంకా 11వ తేదీ రాత్రి 11:30 గంటలే. ‘సి’ తరగతి కాబట్టి 10 రోజుల గడువు యూటీసీలో 21వ తేదీ అర్ధరాత్రికి ముగుస్తుంది. గోడ క్యాలెండరు చూసి లెక్కవేసినవాడు 22 అని రాస్తాడు. ప్రెస్సు యజమానికి ఈ సంగతి ఒక్కసారి చెబితే, నమోదు తేదీకి, యూటీసీ సమయానికి, గడువు తేదీకి వేర్వేరు గడులు గీసి, గడువు గడిని లేత ఎరుపులో అచ్చువేసి ప్రూఫు చూపించారు. ఎరుపు ఆలోచన ఆయనదే. నిజానికి ఈ రిజిస్టరులో నాకు అన్నిటికంటే నచ్చినది అదే, ఎందుకంటే పేజీ తిప్పగానే చూపు ముందు గడువు మీదే పడుతుంది.

ఎం.ఇ.ఎల్.లో నిర్వహణ సిబ్బంది చేయవలసిన పనిని సూచించే ‘ఎం’ గుర్తుకు, పైలట్ పాటించవలసిన పద్ధతిని సూచించే ‘ఓ’ గుర్తుకు రెండు సంతకాల గడులు అడిగాము. అవి సరిగానే వచ్చాయి, కాకపోతే పొట్టి సంతకాలవారికే సరిపోతాయి.

మేము పట్టుబట్టి వేయించిన మరొక గడి ‘ఇదే లోపం ఇంతకుముందు వచ్చినదా, ఏ నంబరు కింద’ అన్నది. 2014 డిసెంబరు 28న జావా సముద్రంలో కూలి 162 మందిని బలిగొన్న ఎయిర్‌ఏషియా క్యూజెడ్ 8501 విమానంలో చుక్కాని కదలికను పరిమితం చేసే యూనిట్ ఆ ఏడాది 23 సార్లు మొరాయించిందని ఇండోనేషియా దర్యాప్తు సంస్థ నివేదిక తేల్చింది. మూలం ఎలక్ట్రానిక్ పలకపై పగిలిన ఒక సోల్డరు అతుకు. ప్రతి నమోదునూ విడిగా చూసి ముగించుకుంటూ పోతే ఇటువంటి వరుస కంటికి కనిపించదు. గడి ఉన్నంత మాత్రాన ఎవరైనా దాన్ని నింపుతారన్న హామీ లేదు, అది మా సిబ్బంది బాధ్యత. ప్రెస్సు తన వంతుగా ఆ గడిని మూలకు నెట్టకుండా లోపం వివరణ పక్కనే పెట్టింది.

కాగితం కార్బన్‌లెస్, మూడు ప్రతులు. మూడవ ప్రతి మీద కూడా అక్షరం చదవదగినట్లు పడుతుంది. పేజీ నంబర్లు వరుస తప్పలేదు, ఆడిటులో ముందుగా చూసేది దాన్నే. కుట్టు బైండింగు గట్టిగా ఉంది. ధర హైదరాబాదు నుంచి వచ్చిన కొటేషను కంటే తక్కువే.

ఇక లేబుళ్లు. అక్షరాలు పెద్దవిగా, దూరం నుంచి కూడా తెలిసేలా ఉన్నాయి. రిజిస్టరు నంబరు, గడువు తేదీ రాయడానికి చోటు వదిలారు. అయితే జిగురు కడప ఎండకు తగినది కాదు. ఆరుబయట నిలిపిన విమానం కాక్‌పిట్‌లో వేడికి అంచులు లేచిపోయాయి, ఒకటి స్విచ్చు మీద నుంచి జారి సీటు కింద దొరికింది. లేబులు లేని స్విచ్చును పనిచేస్తుందనుకొని విద్యార్థి నొక్కే ప్రమాదం ఉంది గనుక దీన్ని చిన్న లోపంగా తీసుకోలేను. ఊడనివాటితో మరో తంటా: మరమ్మతు పూర్తయ్యాక పీకితే ప్యానెలు మీద జిగట మిగులుతోంది. చెప్పగానే యజమాని వాదించకుండా మిగిలిన లేబుళ్లు వెనక్కి తీసుకున్నారు. వేడికి తట్టుకొని, పీకినప్పుడు మరక మిగల్చని వినైల్ తెప్పించి నమూనా ఇస్తానన్నారు. అది ఇంకా రాలేదు. అంతవరకు లేబుళ్లు వేరేచోట కొంటున్నాము, రిజిస్టరు రెండో విడత మాత్రం ఇక్కడే ఇచ్చాము, సంతకాల గడులు వెడల్పు చేయమని చెప్పి.

ఇలాంటి పని ఇచ్చేవారు నమూనా పేజీని చేత్తో గీసి తీసుకువెళ్లడం మంచిది. మూఢం లేని పెళ్లిళ్ల నెలల్లో మాత్రం వెళ్లవద్దు. అప్పుడు శుభలేఖలు పూర్తయ్యేదాకా ఎవరి రిజిస్టరుకూ వంతు రాదు.