చప్పుడు చేయని పీసీకి బీ550 బోర్డు: ఏళ్లు వాడాక నా మాట

రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్‌తో ఒక మధ్యరకం బీ550 మదర్‌బోర్డును కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. కొనేటప్పుడు నాకు కావలసినవి రెండే. రాత్రిపూట పక్కనే కూర్చున్నా పీసీ నడుస్తోందో లేదో చెవికి తెలియకూడదు. ప్రాసెసర్‌ను కాస్త, మరీ ఎక్కువేం కాదు, ఓవర్‌క్లాక్ చేసుకునే (కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడుపుకునే) వీలుండాలి.

2019లో వచ్చిన ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి చిప్‌సెట్ (మిగతా పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్) మీద బుల్లి ఫ్యాన్ ఉంటుంది. అంత చిన్న ఫ్యాన్ గాలి తోలాలంటే గిర్రున తిరగాల్సిందే, దుమ్ము పట్టాక ఇక చెప్పక్కర్లేదు. అందుకే దాన్ని మొదట్లోనే పక్కన పెట్టేశాను. 2020లో వచ్చిన బీ550 చిప్‌సెట్‌కు ఉత్త హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) చాలు. ఏ520 ఇంకా చవకే గానీ అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు.

వీఆర్‌ఎం అంటే ప్రాసెసర్‌కు కావలసిన వోల్టేజీని అందించే సర్క్యూట్, ఆ పనిని పంచుకునే భాగాలు ఫేజ్‌లు. ఈ ఫేజ్‌ల లెక్క గురించి జనం తెగ వాదించుకుంటారు. 5600ఎక్స్ మామూలుగా 76 వాట్లు దాటదు, ఆ మాత్రానికి అన్నేసి ఫేజ్‌లు అక్కర్లేదు. నేను చూసుకున్నది వాటి మీది హీట్‌సింక్‌ను. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగే క్యాబినెట్‌లో వీఆర్‌ఎం దగ్గరికి గాలి పెద్దగా చేరదు. వేడిని లోహమే మోయాలి. పైన అందానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, లోపల పలచటి రేకు పెట్టిన బోర్డులు ఇక్కడే తేలిపోతాయి. నా బోర్డు హీట్‌సింక్‌కు లోతైన గాడులున్నాయి, స్క్రూలతో బిగించారు. గంటల తరబడి వీడియో ఎన్‌కోడ్ చేసినా వీఆర్‌ఎం 70 డిగ్రీలు దాటడం చూడలేదు.

అసలు సంగతి బయోస్‌లోని (బోర్డు సెట్టింగులుండే సాఫ్ట్‌వేర్‌లోని) ఫ్యాన్ కంట్రోల్. బోర్డు ఎంచుకునేటప్పుడు ఎవరూ పట్టించుకోరు గానీ, నిశ్శబ్దమంతా అక్కడే ఉంది. రైజెన్ వేడి నిలకడగా పెరగదు. బ్రౌజర్ తెరిస్తే చాలు, 42 డిగ్రీల నుంచి 60కి ఎగిరి రెండు సెకన్లలో మళ్లీ దిగుతుంది. కూలర్ ఇంకా వేడెక్కనే లేదు, ఫ్యాన్ మాత్రం ఉలిక్కిపడి రయ్యిమంటుంది. నా బోర్డులో ఫ్యాన్ వేగం పెంచడానికీ తగ్గించడానికీ వేర్వేరుగా ఆలస్యం పెట్టుకోవచ్చు. రెండూ కొన్ని సెకన్లు పెట్టాక ఆ రయ్యిమనడం ఆగిపోయింది. క్యాబినెట్ ఫ్యాన్లు ఏ సెన్సర్‌ను చూసి తిరగాలో కూడా ఎంచుకోనిస్తుంది. వాటిని ప్రాసెసర్‌కు కాకుండా వీఆర్‌ఎం సెన్సర్‌కు కట్టాను. అది మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది కాబట్టి ఫ్యాన్లూ తొందరపడవు.

ఇంకొకటి. నా క్యాబినెట్ 850 ఆర్‌పీఎం దగ్గర ఝుమ్మని మోగుతుంది, 800 దగ్గరా 900 దగ్గరా మోగదు. ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీతలో, అంటే కర్వ్‌లో, పాయింట్లు సరిపడా ఉన్నాయి కాబట్టి ఆ వేగం దగ్గర ఆగకుండా దాటేలా గీత గీశాను. మూడే పాయింట్లిచ్చే బోర్డుతో ఇది కుదరదు. కొనేముందు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి ఫ్యాన్ హెడర్ల (ఫ్యాన్ వైర్లు తగిలించే పిన్నుల) పేజీ చదవండి. ఫ్యాన్ వేగాన్ని మార్చే పద్ధతులైన పీడబ్ల్యూఎం, డీసీ రెండూ అన్ని హెడర్లూ ఇస్తాయా, ఎంత తక్కువ శాతానికి దిగనిస్తాయి, పూర్తిగా ఆపనిస్తాయా అన్నవి చూడాలి. కొన్ని బోర్డులు ఫ్యాన్‌ను ఒక హద్దు కంటే కిందికి దిగనే దిగనివ్వవు.

ఓవర్‌క్లాకింగ్ విషయానికొస్తే, అన్ని కోర్లనూ ఒకే వేగానికి లాక్ చేయడం ఈ ప్రాసెసర్లకు దండగ. పీబీఓ (ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకునే హద్దులను సడలించే సెట్టింగ్) ఆన్ చేసి, పవర్ లిమిట్లను ముట్టుకోకుండా, బూస్ట్ (అవసరమైనప్పుడు అందుకునే గరిష్ఠ వేగం) 50 మెగాహెర్ట్జ్ పెంచి, ఒక్కో కోర్ వోల్టేజీని విడిగా సవరించే కర్వ్ ఆప్టిమైజర్‌లో వోల్టేజీ తగ్గించాను. మామూలు కోర్లకు మైనస్ 20, బాగా పరుగెత్తే రెండింటికి మైనస్ 8. వేగం కొంచెం పెరిగింది, అదే పనికి వేడి తగ్గింది, ఫ్యాన్లు ఇంకా నెమ్మదించాయి. ఇందులో ఒక కిటుకుంది. వోల్టేజీ మరీ తగ్గితే గంటల స్ట్రెస్ టెస్ట్‌లో కూడా ఏమీ కాదు, ఊరికే డెస్క్‌టాప్ మీద వదిలేసి వెళ్తే మాత్రం రీస్టార్ట్ అయి కూర్చుంటుంది. ఒక్క కోరే పూర్తి బూస్ట్‌కు వెళ్లే తేలికపాటి పనుల్లోనే ఆ లోపం బయటపడుతుంది. అందుకే ఒక్కో కోర్‌నూ విడిగా పరీక్షించాలి. ర్యామ్ 3600 దగ్గర, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే మార్గం) 1800 దగ్గర ఉంచాను, అంతకు పైకి పోలేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్ కర్వ్‌లు తుడిచిపెట్టుకుపోతాయి. పాత వెర్షన్‌లో దాచిన ప్రొఫైల్‌ను కొత్తది తీసుకోదు, కాబట్టి ఆ పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకుంటాను. బోర్డుతో వచ్చిన విండోస్ సాఫ్ట్‌వేర్ బరువు తప్ప ఉపయోగం లేదు, తీసేశాను. రెండో ఎం.2 స్లాట్‌కు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటుకు) హీట్‌సింక్ ఇవ్వలేదు, విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. పొడవాటి పేజీని వేగంగా స్క్రోల్ చేసినప్పుడు కాయిల్స్ నుంచి సన్నగా కీచుశబ్దం వస్తుంది. క్యాబినెట్ మూత పెడితే వినపడదు. గ్లాస్ తలుపు తెరిచి వాడే అలవాటున్నవాళ్లు మాత్రం, తిరిగి తీసుకునే గడువు ముగియకముందే బోర్డును ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విని చూడాలి.