ఈప్రింట్స్‌లో పేపర్ల డిపాజిట్: ఏళ్లుగా వాడాక ఒక సమీక్ష

కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్టీ) గ్రాంటుతో వచ్చిన పరిశోధన పేపర్లను రిపాజిటరీలో, అంటే అందరూ చదువుకునే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టాలన్న విధానం 2014 డిసెంబర్ నాటిది. జర్నల్ ఓకే చెప్పిన రెండు వారాల్లో డిపాజిట్ అయిపోవాలి. ఎంబార్గో (ఫైలును జనానికి తెరవకుండా ఆపే గడువు) సైన్స్‌కు 6 నెలలు, హ్యుమానిటీస్‌కు 12 నెలలు దాటొద్దన్నది సూచన. పేపర్‌ను అందరికీ తెరిచి వేయడానికి జర్నళ్లు అడిగే రుసుము (ఏపీసీ) మాత్రం ఆ శాఖలు భరించవు. కాబట్టి బెంగళూరు ల్యాబుల్లో చాలామందికి రిపాజిటరీయే దిక్కు. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) 2002లోనే ఈప్రింట్స్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టింది. మేం వాడేదీ అదే. సాఫ్ట్‌వేర్ గట్టిది, ముఖం మాత్రం పాతకాలం నాటిది. తప్పులన్నీ దాదాపు ఒక్క తెర మీదే జరుగుతాయి.

అది అప్‌లోడ్ తెర. ఫైలు ఎక్కించాక 'షో ఆప్షన్స్' నొక్కితే తప్ప అసలు గడులు బయటపడవు. అందులో కంటెంట్ దగ్గర 'యాక్సెప్టెడ్ వెర్షన్' ఎంచుకోవాలి. 'విజిబుల్ టు' గడిని 'ఎనీవన్' అని ఉంచేసి ఎంబార్గో తేదీ వేస్తే ఒప్పుకోదు. ముందు దాన్ని 'రిపాజిటరీ స్టాఫ్ ఓన్లీ'కి మార్చాలి. పబ్లిషర్లు ఎంబార్గో లెక్కపెట్టేది అంగీకారం నుంచి కాదు, ప్రచురణ నుంచి. డిపాజిట్ నాటికి ఆ తేదీ ఇంకా తేలదు కాబట్టి కాస్త దూరంగా ఒకటి వేసి, పేపర్ ఆన్‌లైన్‌లోకి వచ్చాక సరిచేసుకోవాలి.

గడువు దాటగానే ఫైలు దానంతటదే తెరుచుకుంటుందనుకోకండి. సర్వర్‌లో లిఫ్ట్ ఎంబార్గోస్ స్క్రిప్టును రోజూ వేళకు నడిపే ఆదేశం (క్రాన్) ఉండాలి. సర్వర్ మార్చినప్పుడల్లా జారిపోయేది ఈ ఒక్క లైనే. పేపర్లు తాళంలోనే ఉండిపోతాయి, అడిగేవాడుండడు.

ఇక ఏ ఫైలు ఎక్కించాలన్నది. రెఫరీల సవరణలన్నీ చేరాక జర్నల్‌కు ఆఖరుగా పంపిన ప్రతి. పబ్లిషర్ లోగో ఉన్న పీడీఎఫ్ పనికిరాదు, ప్రూఫ్ కూడా వాళ్ల సొత్తే. వర్డ్‌లో రాసేవాళ్లు ట్రాక్ చేంజెస్ అన్నీ అంగీకరించి, బొమ్మలు చేర్చి పీడీఎఫ్ చేయాలి. ఏడాది తర్వాత అడిగితే ఆ ప్రతి ఎవరి లాప్‌టాప్‌లోనూ దొరకదు. రెండు వారాల గడువు నాకు నచ్చేది అందుకే.

పబ్లిషర్ ఎంతకాలం ఆగమంటున్నాడో ఓపెన్ పాలసీ ఫైండర్ సైటులో చూడొచ్చు (పాత షెర్పా రోమియోనే). స్ప్రింగర్, రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ (ఆర్‌ఎస్‌సీ) సబ్‌స్క్రిప్షన్ జర్నళ్లకు మామూలుగా 12 నెలలు. ఎల్సెవియర్‌కు జర్నల్‌ను బట్టి మారుతుంది, పైగా సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ లైసెన్సు (పేరు చెప్పి పంచుకోవచ్చు, వ్యాపారానికీ మార్పులకూ వీల్లేదు) పెట్టాలి. మన 6 నెలలకూ వాళ్ల 12కూ పొత్తు కుదరనప్పుడు ఫైలు మూసి ఉంచి వెంటనే డిపాజిట్ చేయడమే దారి. చదవాలనుకున్నవాళ్లు 'రిక్వెస్ట్ ఎ కాపీ' నొక్కుతారు. ఆ మెయిలు వెళ్లేది కాంటాక్ట్ ఈమెయిల్ గడిలో ఉన్న చిరునామాకు. అక్కడ స్టూడెంటుది కాదు, గైడుది వేయండి. పీహెచ్‌డీ అయ్యాక స్టూడెంటు అకౌంటు మూసేస్తారు, అడిగినవాళ్లకు జవాబుండదు.

డీఓఐ (పేపర్ శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి, వాటిని నమోదు చేసే క్రాస్‌రెఫ్ నుంచి వివరాలు లాగే సదుపాయం బాగుంది గానీ, అంగీకారం రోజున డీఓఐ చాలాసార్లు అక్కడ ఉండదు. చేత్తో కొట్టక తప్పదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల పేర్లు తిరగబడి, ఒకే మనిషి రచయితల జాబితాలో ఇద్దరవుతాడు. రిపాజిటరీ ఎడిటర్ రివ్యూలో చూడాల్సింది ముందుగా ఇదే.

2025లో జర్నళ్లకు కేంద్రమే అందరి తరఫునా చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక 'ఇక డిపాజిట్ ఎందుకండీ' అంటున్నారు కొందరు. అది చందా మాత్రమే. అందులో చేరిన సంస్థలవాళ్లు చదువుకోవడానికి. బయటివాళ్లకు మీ పేపర్ మూసే ఉంటుంది.

లైనక్స్, పెర్ల్ తెలిసిన మనిషి లేని చిన్న సంస్థ సొంతంగా ఈప్రింట్స్ పెట్టుకోవద్దనే నా సలహా. అలాంటివాళ్ల కోసమే ఆ రెండు శాఖల విధానంలో సైన్స్ సెంట్రల్ రిపాజిటరీ దారి కూడా ఉంది.