చీర ఉయ్యాల నుంచి నేల పరుపు దాకా: మా పాప నిద్రతో మూడేళ్ళు

మా పాపకు మూడేళ్ళు నిండి రెండు నెలలైంది. దాన్ని నిద్రపుచ్చడానికి ఈ మూడేళ్ళలో మేం వాడనిది లేదు. అమ్మమ్మ పాత నేతచీరతో కట్టిన ఉయ్యాల, దానికో స్ప్రింగు, ఆ స్ప్రింగుకో మోటారు, ఫోనులో వాన చప్పుడు, బెడ్ ల్యాంపు, దోమతెర, ఆఖరికి నేల మీద పరుపు. డబ్బు పెట్టి కొన్నవాటిలో మళ్ళీ కొనమంటే కొనేవి రెండే: పరుపు, దోమతెర. వీటన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది సాయంత్రం అయిదున్నరకు పడుకునే అలవాటు మాన్పించడం. అది కనిపెట్టడానికి మాకు రెండేళ్ళు పట్టింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అద్దె ఫ్లాటు, రెండు పడకగదులు. మావారూ నేనూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. పాప పధ్నాలుగో నెల నుంచి క్రెష్‌కి వెళ్తోంది.

ఉయ్యాలతో మొదలుపెడతాను. ఇరవై ఒకటో రోజు బారసాలకు తెనాలిలో అమ్మావాళ్ళింట్లో కట్టారు. పాత ఇల్లు కాబట్టి శ్లాబుకే కొక్కెం ఉంది. చీర మా అమ్మమ్మది, ఎన్నేళ్ళు ఉతికారో తెలీదు, దూదిలా ఉండేది. కొత్త చీర గరుకు, పట్టుచీర జారుతుంది, సింథటిక్ అయితే వీపంతా చెమట. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరకు సాటి వచ్చేది బజార్లో నాకు కనబడలేదు. అయిదో నెలలో హైదరాబాద్ వచ్చాక చిక్కు మొదలైంది. ఈ ఫ్లాటులో కొక్కెం లేదు, గోడకు మేకు కొడితేనే ఇంటి ఓనరు మొహం మాడ్చుకుంటారు. ఇనప స్టాండు కొన్నాం. హాల్లో సగం అదే ఆక్రమించింది. రాత్రిపూట దాని కాలు తన్నుకుని చిటికెనవేలు పట్టుకుని కుంటని మనిషి మా ఇంట్లో లేరు.

నిద్ర పట్టించడంలో మాత్రం చీర ఉయ్యాలకు తిరుగులేదు. పది ఊపులు, రెండు లాలిపాటలు, అంతే. కానీ టీకాలకు వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఒక మాట గట్టిగా చెప్పారు: ఏడాది లోపు పిల్లల్ని వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉండే పరుపు మీదే పడుకోబెట్టాలి, పక్కన దిండ్లూ మెత్తటి బొమ్మలూ ఉండకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ ఇదే. చీరలో పిల్ల గుంటలా దిగిపోతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, ముఖం పక్కకు తిరిగితే బట్ట ముక్కుకు అడ్డం పడొచ్చు. మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్నదే కదా అని అత్తయ్యగారు కొంచెం నొచ్చుకున్నారు. నాకైతే భయం పట్టుకుంది. కాబట్టి మేం పెట్టుకున్న నియమం ఇది: ఎవరో ఒకరు కళ్ళు తెరిచి పక్కన కూర్చుంటేనే ఉయ్యాల, నిద్ర పట్టగానే పరుపు మీదికి.

ఆ మార్చడం ఒక విద్య. ముందు నడుము ఆనాలి, తర్వాత భుజాలు, ఆఖర్న తల. చెయ్యి లాక్కోవడానికి అయిదు నిమిషాలు. నా గాజులు ఆ నెలల్లోనే బీరువాలోకి వెళ్ళిపోయాయి.

స్ప్రింగు గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో ఊపే చేతికి హాయిగానే ఉంటుంది. పిల్ల బరువు పెరిగేకొద్దీ సాగుతుంది, కీచుమంటుంది. రెండుసార్లు మార్చాం. కొన్నవాళ్ళు వారానికోసారి కొక్కెం, తాడు, ముడి చూసుకోండి. కింద బొంత పరిచి ఉంచండి, మాకు అదే దిక్కయింది. ఆ సంగతి కిందకు వస్తుంది.

పదమూడో నెలలో మావారు మోటారు తెచ్చారు. మూడువేల ఎనిమిదివందలు. ఉయ్యాలను దానంతటదే ఊపుతూ ఉంటుంది. మొదటి రెండు రాత్రులూ మేం అమృతం తాగినట్టు ఉన్నాం. మూడో రాత్రి కరెంటు పోయింది. మోటారు ఆగిన అరనిమిషానికి పాప లేచింది. అప్పుడనిపించింది, చిక్కు మోటారుది కాదని. పసిపిల్లల నిద్ర ఒకే తీరుగా సాగదు. గంటకు అటూ ఇటూగా ఒకసారి పైకి తేలుతుంది, కాస్త కదిలి, తాము పడుకున్నప్పుడు చుట్టూ ఎలా ఉందో అలాగే ఉంటే మళ్ళీ మునుగుతుంది. ఊపుతుండగా నిద్రపోయిన పిల్ల, ఊపు లేని చోట కళ్ళు తెరిస్తే కంగారుపడుతుంది. మనం మంచం మీద పడుకుని వరండాలో మెలకువ వస్తే మనకెలా ఉంటుంది? పైగా మోటారు పెట్టుకున్నాక "పక్కన మనిషి ఉండాలి" అన్న మా నియమం కూడా మెల్లగా జారిపోతోంది. అది నాకు అస్సలు నచ్చలేదు. నెల రోజుల తర్వాత అటక ఎక్కించాం. ఎవరైనా అడిగితే కొనొద్దనే చెబుతాను.

పంధొమ్మిదో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరం భోజనాల దగ్గర ఉండగా, ఉయ్యాలలో లేచి నిలబడింది. చీర అంచు పట్టుకుని మమ్మల్ని చూసి నవ్వింది కూడా. నేను లేచేలోపు తలకిందులుగా పడింది. బొంత ఉంది కాబట్టి నుదుటి మీద బొప్పితో సరిపోయింది. తప్పు ఉయ్యాలది కాదు, మాదే. పిల్ల లేచి కూర్చోవడం నేర్చిన రోజే ఉయ్యాల తీసేయాలి. మేం ఏడాది ఆలస్యం చేశాం.

ఆ సాయంత్రమే స్టాండు విప్పేశాం. నాలుగంగుళాల కొబ్బరిపీచు పరుపు గోడ పక్కన నేల మీద వేసి, పైన గొడుగులా తెరుచుకునే దోమతెర పెట్టాం. ఈ రెండింటికీ నా నుంచి పూర్తి మార్కులు. పడుతుందన్న టెన్షన్ లేదు, పక్కన నేనూ ఒరగొచ్చు. పరుపును మాత్రం రోజూ పొద్దున్నే ఎత్తి గోడకు నిలబెట్టాలి. వానాకాలంలో రెండు వారాలు బద్ధకించానా, కింద బూజు పట్టింది. వాన చప్పుడు యాప్ కూడా అప్పుడే పెట్టాం. డబ్బు కట్టని యాప్ కదా, రాత్రి ఒంటిగంటకు వాన మధ్యలో రమ్మీ ఆట ప్రకటన వినిపించింది. పాప కంటే ముందు మామయ్యగారు లేచి వచ్చారు. ఫ్యాను చప్పుడు చాలు.

ఇంత చేసినా రాత్రి పడుకునే వేళ మారలేదు. అసలు కథ ఇక్కడుంది.

వంటింట్లో తగిలించిన గోడ క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే పాప నిద్రపోయిన టైము రాయడం మొదలుపెట్టాను. 11:40. 11:15. 12:05. 11:30. పొద్దున్నే క్రెష్ కోసం 6:45కి లేపాలి. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా నిద్ర. సాయంత్రం పడుకునే గంటన్నర కూడా కలిపితే రోజుకు సుమారు పదిన్నర గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి రెండేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు కావాలి, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13. లోటు మరీ పెద్దది కాదు, కానీ పొద్దున లేపినప్పుడు ఆ ఏడుపు వింటే లెక్కలతో పనిలేదు.

రెండు నెలల క్యాలెండరు తిరగేస్తే ఒకటి కనబడింది. ఆదివారాలు మాత్రం 9:30, 9:20, 9:45. ఆదివారం పార్కులో బాగా ఆడుతుంది కాబట్టి అనుకున్నాను. ఒక ఆదివారం వానపడి పార్కుకు వెళ్ళలేదు, చుట్టాలింటికి వెళ్ళి సాయంత్రమంతా కూర్చుని వచ్చాం. అయినా 9:30కే పడుకుంది. అప్పుడు లైటు వెలిగింది. ఆదివారాలు సాయంత్రం మేం బయట ఉంటాం. మిగతా రోజుల్లో మామయ్యగారు నాలుగున్నరకు క్రెష్ నుంచి తెస్తారు, అత్తయ్యగారు పాలు పడతారు, అయిదున్నరకు మామయ్యగారు భుజాన వేసుకుని కారిడార్‌లో తిప్పుతారు. నిద్ర. ఏడింటి దాకా. ఆ గంటన్నరలో అత్తయ్యగారు వంట ముగిస్తారు. నేను వచ్చేసరికి పాప తాజాగా మల్లెపువ్వులా ఉంటుంది. ఇక పదకొండున్నర దాకా ఎందుకు పడుకుంటుంది?

చెప్పడం ఎలా? వాళ్ళు చేస్తున్నది సాయం. తప్పు పట్టినట్టు ఉండకూడదు. ఒకరోజు దీపం పెడుతుండగా అడిగాను.

"అత్తయ్యగారూ, సంధ్యవేళ పడుకోకూడదని మీరే అంటారుగా. మరి పాపో?"

"అది పెద్దవాళ్ళకేనమ్మా. చంటిపిల్లలకేం పట్టింపు?"

"చంటిపిల్లేంటండీ, రెండేళ్ళొచ్చాయి. నిన్న మిమ్మల్ని 'పో' అంది కదా."

మామయ్యగారు పేపరు చాటున నవ్వారు. అత్తయ్యగారు కాసేపు ఏం మాట్లాడలేదు. మర్నాడు ఆవిడే, "ఇవాళ పడుకోనివ్వలేదు, ఎలా ఉంటుందో చూడు" అని నాకు ఫోన్ చేశారు.

ఎలా ఉందంటే ఘోరంగా ఉంది. మొదటి పది రోజులూ ఆరు నుంచి ఏడున్నర మధ్య మా ఇల్లు సంత. ఊరికే ఏడుపు, చెంచా కింద పడితే ఏడుపు, తీసిస్తే ఏడుపు. రెండు రోజులు పెరుగన్నం నోట్లో ఉండగానే నిద్రపోయింది. బాల్కనీలో టబ్బుతో నీళ్ళు, నాలుగు గ్లాసులు పెట్టి ఆడుకోమనడం ఒక్కటే గట్టెక్కించింది. నేను ఆఫీసు నుంచి గంట ముందు బయల్దేరి, మిగిలిన పని పాప పడుకున్నాక చేసుకున్నాను. అందరికీ ఇలా కుదరదని తెలుసు. పదకొండో రోజు క్యాలెండరు మీద 9:10 అని రాశాను.

ఇప్పుడు మా వరస ఇలా ఉంటుంది. 7:15కి దానికి అన్నం. ఎనిమిదింటికి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం. సాంబ్రాణి మానేశాం, ఆ పొగకు దగ్గు వస్తోంది. తర్వాత గ్లాసుతో పాలు, ఆపైన పళ్ళు తోమడం. ఈ రెండూ తారుమారు కాకూడదు. నోట్లో సీసాతో నిద్రపోయే పిల్లలకు ముందరి పళ్ళు పుచ్చిపోతాయి. ఎనిమిదింపావుకు హాల్లో టీవీ బంద్. రెండేళ్ళలోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప స్క్రీనే వద్దని, అయిదేళ్ళ దాకా రోజుకు గంట మించొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. మాకు అంత నిష్ఠ లేదు కానీ రాత్రిపూట మాత్రం పాటిస్తాం. అత్తయ్యగారి సీరియల్ ఎనిమిదిన్నరకు. ఆ త్యాగం ఆవిడను అడగడం న్యాయం కాదు. ఇయర్‌ఫోన్లు కొనిచ్చాం, గదిలో ఫోనులో చూస్తారు. మధ్యమధ్యలో విలన్‌ను తిట్టడం మాత్రం గోడ దాటి వినిపిస్తుంది.

తర్వాత బెడ్ ల్యాంపు వెలుగులో రెండు బొమ్మల పుస్తకాలు. రెండే. మూడోది అడుగుతుంది, మంచినీళ్ళు అడుగుతుంది, తాతయ్యకు గుడ్‌నైట్ చెప్పలేదంటుంది. నీళ్ళూ గుడ్‌నైటూ ఇప్పుడు వరసలోనే కలిపేశాం కాబట్టి బేరానికి సరుకు తగ్గింది. పుస్తకాల పని మావారిది. ఆయన తొమ్మిదింటికి ఇల్లు చేరి పాపను గాల్లోకి ఎగరేసే రోజుల్లో నా కష్టమంతా మళ్ళీ మొదటికొచ్చేది. ఇప్పుడు ఎనిమిదిన్నరకు రాగలిగితే పుస్తకం ఆయనది, లేకపోతే పాప పడుకునేదాకా కింద పార్కింగ్‌లో కూర్చుని ఫోను చూసుకుంటారు. ఇది వినడానికి కఠినంగా ఉంది కానీ ఆయనకేం బాధ ఉన్నట్టు నాకు కనబడదు.

9:15కి నిద్ర. డాలస్‌లో మా ఆడపడుచు తన కొడుకును 7:30కి పడుకోబెడుతుంది. వాళ్ళు ఆరింటికే తినేస్తారు. నేను ఒక నెల దాన్ని చూసి ఎనిమిదికి ప్రయత్నించాను. ఇల్లంతా మెలకువగా, కుక్కరు కూస్తూ ఉంటే పిల్ల ఎలా పడుకుంటుంది? ఎన్నింటికి అన్నదానికంటే రోజూ ఒకే వేళకు అన్నదే మాకు పనిచేసింది. పొద్దున లేపే వేళ కూడా, ఆదివారమైనా సరే, అరగంట మించి జరపం.

ప్రయాణాలు, జ్వరాలు వస్తే వరస మొత్తం పోతుంది. గాడిలో పడటానికి నాలుగు రోజులు. ఒకసారి రైల్లో పాప పడుకోక గోల చేస్తుంటే ఎదురు సీటావిడ "జలుబు సిరప్ కొంచెం పట్టు, హాయిగా పడుకుంటుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ జలుబు మందుల్లో వాడే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌ను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీదే రాయాలని డిసెంబరు 2023లో మన డ్రగ్స్ కంట్రోలర్ ఆదేశించారు. నిద్ర కోసం ఏ సిరప్పూ వద్దు. అలాగే పిల్లలు రోజూ నోరు తెరుచుకుని గురకపెడితే ముద్దుగా ఉందని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి. ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ వాచినా అలా ఉంటుంది.

నెల రోజుల నుంచి కొత్త గొడవ. క్రెష్‌లో మధ్యాహ్నం పడుకోనంటోందట. పడుకోని రోజు ఎనిమిదింటికే తూలిపోతుంది, పడుకున్న రోజు పది దాటుతుంది. క్యాలెండరు మళ్ళీ తీశాను. ప్రస్తుతానికి పడుకోని రోజుల్లో వరస మొత్తాన్ని ముప్పావుగంట ముందే మొదలుపెడుతున్నాం. అమ్మమ్మ చీర ఇప్పుడు పాప దుప్పటి. స్టాండు మా పిన్నికూతురు పట్టుకెళ్ళింది. మోటారు కూడా అడిగింది కానీ, పాడైపోయిందని చెప్పాను.