విక్రాంత్ మీదికి అలిజేనా, ట్రాకరా?

1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ దాకా వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచాలనే. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక రేవు బయట తానే మునిగింది. ఆ రోజుల్లో విక్రాంత్ డెక్ మీద నుంచి సబ్‌మెరైన్ల కోసం గాలించింది ఫ్రాన్సు తయారీ అలిజే విమానం. దాని బదులు అమెరికా ట్రాకర్ ఉండుంటే? ఇది గాల్లో మేడ కట్టడమేం కాదు. విక్రాంత్ తరగతికే చెందిన ఆస్ట్రేలియా నౌక మెల్‌బోర్న్ 1967 నుంచి ట్రాకర్లనే నడిపింది.

వేట ఒక్కటే చూస్తే ట్రాకర్‌దే పైచేయి. రెండు ఇంజన్లు, నలుగురు సిబ్బంది. ముందు సోనోబాయ్‌లు జారవిడుస్తుంది. అవి నీళ్లలో తేలుతూ కింది చప్పుళ్లను రేడియోలో పైకి పంపుతాయి. జాడ తగిలిందంటే తోకలోంచి పొడుగాటి కడ్డీ బయటికొస్తుంది. భూమి అయస్కాంత క్షేత్రంలో తేడాను పసిగట్టే పరికరం అందులో ఉంటుంది. సబ్‌మెరైన్ అంటే వందల టన్నుల ఉక్కు కదా! విమానం అలలకు దగ్గరగా దాని మీదుగా పోగానే గ్రాఫు మీద ముల్లు ఎగిరిపడుతుంది. టార్పెడో వదలాల్సింది అక్కడే. రాత్రి పైకి తేలినవాటిని పట్టుకోవడానికి కుడి రెక్కకి సెర్చ్‌లైట్ కూడా ఉంది.

అలిజేకి ఆ కడ్డీ లేదు. ముగ్గురు మనుషులు, ఒక్కటే ఇంజన్. నడిసముద్రంలో అది ఆగిపోతే నీళ్లలో దిగడమే. దాని బలమంతా పొట్టలోంచి కిందికి దిగే రాడార్. పైకి లేచిన పెరిస్కోపును అది పట్టగలదు. లోతుకు పోయినదాని కోసం సోనోబాయ్‌ల మీదే ఆధారపడాలి.

అయినా 1961లో విక్రాంత్‌కి అలిజే తీసుకోవడమే సరైన పని అంటాను. కారణం ఇంధనం. ట్రాకర్‌వి పిస్టన్ ఇంజన్లు, వాటికి పెట్రోలు కావాలి. విక్రాంత్ మీది సీహాక్ జెట్లు తాగేది కిరోసిన్, అలిజే కూడా అదే. నౌక కడుపులో పెట్రోలు నిల్వ చేయడం ఎంత ప్రమాదమో 1944లో జపాన్ నౌక తైహో చూపించింది: పగిలిన ట్యాంకు ఆవిర్లు అంటుకుని పేలి మునిగిపోయింది. పైగా అలిజేలో ఉన్నది రోల్స్‌రాయిస్ డార్ట్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైకౌంట్లలోనూ అదే రకం కాబట్టి మన దేశానికి కొత్త ఇంజనేం కాదు.

బ్రిటన్ తయారీ గానెట్ విమానానిది వేరే దారి: రెండు టర్బైన్లు జతచేసి, గస్తీలో ఒకటి ఆపేసి ఇంధనం మిగిల్చేవాళ్లు. తెలివైన ఏర్పాటే, కానీ మెల్‌బోర్న్ దాన్ని దించేసే ట్రాకర్‌ని ఎక్కించింది. పెట్రోలు నిల్వకి సిద్ధపడిన నౌకైతే నా ఓటూ ట్రాకర్‌కే.