బల్లార్షాలో సాయంత్రం తిండికి: బర్గరా, వడాపావా?

మహారాష్ట్రలోని మా బల్లార్షాలో బయట తిందామంటే పిల్లలు బర్గర్ అంటారు, నేను వడాపావ్ అంటాను. నిజానికి వెజ్ బర్గర్‌లోనూ, వడాపావ్‌లోనూ ఉండేది ఒకటే: మైదా రొట్టె, మధ్యలో వేయించిన ఆలుగడ్డ. తేడా అంతా చేసే తీరులోనే.

మొన్న ఆదివారం పిల్లల మాట విని ఒక బర్గర్ రెస్టారెంట్‌కు వెళ్లాం. బర్గర్, ఫ్రెంచ్ ఫ్రైస్, కూల్‌డ్రింక్ కలిపి మనిషికి 229 రూపాయలు. బన్ను పట్టుకోగానే అడుగు భాగం చిరిగి చేతికి వచ్చింది. మయోనైజ్, టమాటా నీళ్లు దిగి అది ముందే నానిపోయింది. టిక్కీ, అంటే మధ్యలో పెట్టే ఆలు బిళ్ల, అంచులు వేడి, నడుమ చల్లన. ఫ్రీజర్‌లోంచి తీసినదాన్ని లోపలిదాకా వేగనివ్వలేదు. ఫ్రైస్ మెత్తబడి వాలిపోయాయి. చెప్పినా మార్చలేదు. పైగా బిల్లులో సర్వీస్ చార్జీ! అడక్కుండా దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. ఆ మాట గట్టిగా అంటే తీసేశారు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

వడాపావ్ బండి దగ్గర దాపరికం ఉండదు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఆవాలు, పసుపు తాలింపు పెట్టిన ఆలు ముద్దను శనగపిండిలో ముంచి మన ముందే కడాయిలో వదులుతాడు. పావ్ చీల్చి వెల్లుల్లి, ఎండుకొబ్బరి, ఎర్రకారం కలిపి దంచిన పొడి చట్నీ చల్లుతాడు. అసలు పనితనం ఆ పొడిలోనే ఉంది. కారం, ఘాటు అన్నీ ఇస్తుంది గానీ తడి ఉండదు కాబట్టి పావ్ నానదు. వడ పొగలు కక్కుతుండగానే చేతికొస్తుంది. "భావూ (అన్నా), కారం ఎక్కువ వెయ్యి" అంటే వేస్తాడు. బొగ్గు గనుల్లో షిఫ్టు దిగినవాళ్లు నిలబడే రెండు తినేసి వెళ్తారు. ఒకటి 20 రూపాయలు.

బండికీ లోపాలున్నాయి. కూర్చునే చోటుండదు, వానలో కష్టం. కడాయిలో నూనె నల్లబడి ఉంటే నేనైతే ఆగను.

రుచికీ డబ్బుకీ నా ఓటు వడాపావ్‌కే. పెద్దవాళ్లతో కాసేపు కూర్చోవాలంటే మాత్రం రెస్టారెంటే నయం. అప్పుడు జనం ఎక్కువగా ఉన్న వేళ వెళ్లండి. మయోనైజ్ విడిగా ఇమ్మనండి, ఫ్రైస్ ఉప్పు లేకుండా అడగండి. ఉప్పు చల్లి పెట్టినవి ఇవ్వలేరు కాబట్టి అప్పటికప్పుడు వేయించక తప్పదు.