గండికోట ఎండలో ఫిల్ము కెమెరా: మూడు రోజుల లెక్క

సిద్ధవటం కోటలో తీసిన రెండు రోల్స్ గాజుపలకల్లా తిరిగొచ్చాయి. ఒక్క ఫ్రేమూ లేదు. ల్యాబు కౌంటర్లో అబ్బాయి కవరు చేతికిస్తూ, "ఫిల్ములో ఏమీ పడలేదన్నా, మీరే సరిగ్గా ఎక్కించుకోలేదేమో" అన్నాడు. రోలు 950, కడిగినందుకు (డెవలప్ చేసినందుకు) 250, రెండింటికీ కలిపి 2,400 రూపాయలు. ఆ ల్యాబు పేరు రాయను. కానీ అది అబద్ధమని నెగెటివ్ చూసి ఎవరైనా పట్టుకోవచ్చు.

ఫిల్ము అంచున కంపెనీ పేరు, ఫ్రేమ్ నంబర్లు ఫ్యాక్టరీలోనే వెలుతురు తగిలించి పంపుతారు. ఫిల్ము కెమెరాలో తిరగకపోయినా, లెన్సు మూత తీయకపోయినా, కడిగితే ఆ అక్షరాలు మాత్రం కనపడాలి. ఫ్రేములు లేవు కానీ అంచు అక్షరాలున్నాయంటే తప్పు తీసినవాడిది. అక్షరాలూ లేవంటే తప్పు కడిగినచోటే. మా రోల్స్ మీద ఒక్క అంకె లేదు.

జరిగిందిదీ. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ నలుపు తెలుపు ఫిల్ము. దాన్ని కలర్ ఫిల్ముకు వాడే సీ-41 మందుల్లో వేశారు. అందులో మొదట డెవలపర్ వెండితో బొమ్మ కడుతుంది, తర్వాత బ్లీచు ఆ వెండిని మళ్లీ కరిగిపోయే రూపానికి తెస్తుంది, చివర ఫిక్సర్ కడిగేస్తుంది. కలర్ ఫిల్ములో వెండి పోయినా రంగు మిగులుతుంది. నలుపు తెలుపు ఫిల్ములో ఆ రంగే లేదు, ఉన్న వెండి అంతా డ్రైనేజీ పాలు. నలుపు తెలుపులో సీ-41లో కడగదగ్గది ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్. తక్కినవి ఇచ్చేటప్పుడు కవరు మీద "నలుపు తెలుపు, సీ-41 వద్దు" అని పెద్దక్షరాలతో రాసి, కౌంటర్లో వాళ్లతో చదివించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

ఆ సాయంత్రం తోడొచ్చిన తమ్ముడు మాట్లాడలేదు. కోట గోడ మీదెక్కి పెన్న ఒడ్డు వైపు తీసిన ఫ్రేములన్నీ వాడివే. కడప నుంచి జమ్మలమడుగు దాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. మిగతా రోల్స్ ఎక్కడికీ ఇవ్వొద్దని, మేమే కడుక్కోవాలని అక్కడే తీర్మానమైంది.

జమ్మలమడుగులో లాడ్జి. ఏసీ గది 1,400. "కరెంటు పోదు" అన్నారు, మధ్యాహ్నం ఒంటిగంటకు పోయి అయిదుకొచ్చింది, జనరేటర్ లేదు. ఫిల్ము కడిగేవాడికి ఇది ఉక్కపోత బాధతో పోయేది కాదు. చేతులు చొప్పించి ఫిల్ము రీలుకు ఎక్కించే నల్లసంచీలో పది నిమిషాలకే చెమట తేమ నిండుతుంది. ప్యాటర్సన్ ప్లాస్టిక్ రీలు గాడుల్లో తడి చేరితే ఫిల్ము సగంలో బిగుసుకుంటుంది. బలంగా నెడితే మడతపడి, నెగెటివ్ మీద నెలవంక లాంటి మచ్చ పడుతుంది. బిగుసుకుంటే లాగొద్దు. ఫిల్మునూ రీలునూ వెలుతురు చొరని కడిగే ట్యాంకులో పెట్టి మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, అరగంట ఆగి మళ్లీ మొదలెట్టాలి.

మేలైన దారి ఏమిటంటే సంచీ మానేసి తెల్లవారుజాము నాలుగింటికి బాత్రూంలో ఎక్కించడం. వెంటిలేటర్‌కు నల్ల ప్లాస్టిక్, తలుపు కింద దుప్పటి. లైటు తీసి అయిదు నిమిషాలు కూర్చోండి. అప్పటికీ మీ చెయ్యి మీకు కనబడుతుంటే ఆ గది పనికిరాదు.

తర్వాతి సమస్య నీళ్లు. మార్చి చివర్లోనే లాడ్జి ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలున్నాయి. ఐడీ-11 డెవలపర్‌ను ఒకటికి ఒకటి నీళ్లు కలిపితే హెచ్‌పీ5కు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9. ఇంకా వేడైతే సమయం అయిదు నిమిషాల కిందికి జారి, మందు సమంగా పట్టక ఆకాశంలో చారలొస్తాయి. కాబట్టి రాయలసీమలో 20 కోసం కొట్లాడకుండా 24కు తెచ్చుకుంటే చాలు. పక్క కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల పాకెట్లు, ఒక్కోటి 3 రూపాయలు. ఆరు తెచ్చి బకెట్లో వేసి, మందు సీసాలన్నీ అందులోనే నిలబెట్టాం. డెవలపర్ ఒక్కదాన్నే చల్లబరచి కడిగే నీళ్లు 31లో వదిలేస్తే ఫిల్ము మీది జిలాటిన్‌కు దెబ్బ, గ్రెయిన్ (బొమ్మలోని వెండి రేణువులు) ముద్దకడుతుంది. అన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి.

కలర్ ఫిల్ముకైతే ఈ తిప్పలుండవు. సీ-41 డెవలపర్‌కు 38 డిగ్రీలు కావాలి, ఇక్కడి ఎండాకాలం సగం పని చేసిపెడుతుంది.

కడగడానికి కొళాయి అరగంట వదలక్కర్లేదు, ఈ సీమలో వదలకూడదు కూడా. ఫిక్సర్ అయ్యాక కడిగే ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మూడోసారి 20 సార్లు. గట్టిపరిచే మందు కలవని ఫిక్సర్‌తో ఈ ఇల్ఫర్డ్ పద్ధతి సరిపోతుంది. రెండు 35 ఎంఎం రోల్స్‌కు మూడుసార్లూ కలిపి రెండు లీటర్ల లోపే. చివరి ముంపు మాత్రం బోరు నీళ్లలో వద్దు, ఆరాక సున్నపు చుక్కలు మిగులుతాయి, తుడిస్తే గీతలు. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాను 20 రూపాయలు. అందులో నీళ్లు చుక్కలుగా నిలవకుండా జార్చే వెట్టింగ్ ఏజెంట్ రెండు చుక్కలు.

ఇక గండికోట. లాడ్జి నుంచి 15 కిలోమీటర్లు, ఆటో రానుపోను వెయిటింగ్‌తో 700. మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం ఒక్క పూటలో అయిపోతాయి. కానీ పెన్న లోయ దగ్గర రెండు పూటలు పెట్టుకోండి.

అక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఎర్ర ఫిల్టర్. ఆకాశం నల్లబడుతుందని బిగిస్తారు. ఆకాశం నల్లబడుతుంది నిజమే, కానీ ఆ ఫిల్టర్ ఎరుపును తెల్లబరుస్తుంది. గండికోట బండలే ఎర్రవి. సున్నం కొట్టిన గోడలా చదునైపోతాయి, పగుళ్లూ పొరలూ కనబడవు. పైగా మూడు స్టాపుల వెలుతురు పోతుంది, అంటే ఎనిమిదో వంతే మిగులుతుంది. పసుపుపచ్చ-ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే బండకు బరువొస్తుంది, ఆకాశమూ మరీ పాలిపోదు. మా రెండు కెమెరాల్లో పెంటాక్స్ కే1000 మీది 50 ఎంఎం లెన్సుకు 49 ఎంఎం ఫిల్టర్, యాషికా మ్యాట్ 124జీకి బయొనెట్ 1 రకం.

మధ్యాహ్నం లోయలో ఒక గోడ మండుతుంటుంది, ఎదుటిది చీకటి. 400 వేగం (ఐఎస్ఓ) ఉన్న హెచ్‌పీ5 ఫిల్మును 200గా లెక్కేసి తీసి, కడిగేటప్పుడు సమయం అయిదో వంతు తగ్గిస్తే రెండు గోడలూ నిలుస్తాయి.

యాషికాలో వెలుతురు కొలిచే మీటరును నమ్మి వెళ్లొద్దు. అది 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం చేసింది, ఆ సెల్లు ఇప్పుడు రాదు. 1.5 వోల్టుల సెల్లు వేస్తే ముల్లు ఎక్కువ చూపి నెగెటివ్ పలచబడుతుంది. చెవి మిషన్లు అమ్మే కొట్లో 675 నంబరు జింక్ ఎయిర్ సెల్లు దొరుకుతుంది, 1.4 వోల్టులు, దాదాపు సరిపోతుంది. సైజు చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు వాషర్ పెట్టాలి. స్టిక్కర్ పీకాక రెండు నెలలకు మించి ఆశపడొద్దు. ఏమీ లేకపోతే 400 వేగానికి గండికోట ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/16, షట్టరు 1/500 సెకను. అంతే.

తిరిగొచ్చాక జమ్మలమడుగులో కారం దోసె, 40 రూపాయలు. ఉల్లికారం దోసె అంచుదాకా పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కరకరలాడించి ఇచ్చారు. తమ్ముడు మూడు తిన్నాడు. రెండు రోజుల తర్వాత వాడు మొదటిసారి నవ్వింది అక్కడే.

మూడో రోజు బెలుం గుహలు. మీటరు 4 సెకన్లంటే హెచ్‌పీ5కు 6 ఇవ్వాలి, 10 అంటే 20, 30 అంటే 86. వెలుతురు తక్కువైనకొద్దీ ఫిల్ము మందగిస్తుంది, ఈ లెక్క తప్పితే ప్రింటులో నల్లటి ఫ్రేములే. ట్రైపాడ్ సంగతి టికెట్ కౌంటర్లోనే అడగండి. కాదంటే కిలో శనగలు పోసిన గుడ్డసంచి రెయిలింగ్ మీద పెట్టుకుంటే కెమెరా కదలదు. కే1000కు సెల్ఫ్ టైమర్ లేదు, కెమెరా కదలకుండా బటన్ నొక్కే తీగ (కేబుల్ రిలీజ్) మరిచిపోతే వెళ్లి దండగ. ఏసీ కారు దిగి నేరుగా లోపలికి నడిస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది, పావుగంట ఆగాలి.

లాడ్జి బాత్రూంలో కడిగిన నాలుగు రోల్స్‌లో అన్ని ఫ్రేములూ వచ్చాయి. అంచున అక్షరాలు కూడా నల్లగా, స్పష్టంగా.